మదనపల్లె దారులు, యోకొహామా రేవు

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చారు. జనగణమనకు తానే చేసిన ఇంగ్లీషు అనువాదాన్ని ఫిబ్రవరి 28న అక్కడే రాసిచ్చారు. ఆ పాటకు మార్గరెట్ కజిన్స్ స్వరలిపి కట్టారు. ఇంతవరకు మదనపల్లెలో బడిపిల్లలు కూడా చెప్పగలరు. అదే ఏడు ఆమె భర్త జేమ్స్ కజిన్స్ ఈ ఊరు విడిచి జపాన్ వెళ్లిన సంగతి మాత్రం ఎవరి నోటా పెద్దగా వినబడదు.

కజిన్స్ ఐర్లండ్ కవి. 1915లో అనీబిసెంట్ పిలుపు మీద మద్రాసు వచ్చి ఆమె నడిపే ‘న్యూ ఇండియా’ పత్రికలో పనిచేశారు. మరుసటి ఏడు డబ్లిన్ తిరుగుబాటుదారులను మెచ్చుకుంటూ రాసినందుకు ఆ కొలువు పోయింది. అలా మదనపల్లెలో ఉపాధ్యాయుడయ్యారు. టోక్యోలోని కెయో విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు కవిత్వం బోధించే అవకాశం ఆయనకు అక్కడి ఆచార్యుడు, కవి యోనె నొగూచి వల్ల వచ్చింది. 1920లో కజిన్స్ టోక్యోలో దివ్యజ్ఞాన సమాజ శాఖ ఒకటి నెలకొల్పితే, తర్వాత జెన్ బౌద్ధాన్ని పాశ్చాత్యులకు పరిచయం చేసిన డి.టి. సుజుకీ, ఆయన భార్య బియాట్రిస్ అందులో చేరారు. ఆ ప్రయాణపు ముచ్చట్లతో ‘ది న్యూ జపాన్’ అనే పుస్తకం 1923లో మద్రాసు నుంచి వెలువడింది.

ఠాగూర్ జపాన్ చూసింది కజిన్స్ ప్రయాణానికి మూడేళ్ల ముందు. 1916 మే 29న కోబె రేవులో దిగి, టోక్యో మీదుగా యోకొహామా చేరి, అక్కడ హరా తొమితారో ఇంట వేసవంతా గడిపారు. కెయోలో ప్రసంగిస్తూ జాతీయవాద గర్వం మంచిది కాదని హెచ్చరించారు. దాంతో మొదట ఆయనకు హారతి పట్టిన పత్రికలే ముఖం చాటేశాయి. ‘స్ట్రే బర్డ్స్’ను మాత్రం ఆయన యోకొహామా హరాకే అంకితమిచ్చారు.

ఎవరీ హరా? పట్టు వర్తకుడు. 1859లో విదేశీ ఓడలకు తెరిచేనాటికి యోకొహామా ఓ చేపలవాళ్ల పల్లె. దాన్ని నగరం చేసింది ముడిపట్టు ఎగుమతి. 1872లో ప్రభుత్వం పెట్టిన తొమియోకా రీలింగ్ మిల్లు 1902లో హరా కంపెనీ చేతికొచ్చింది. ఆ ఆదాయం ఆయన సముద్రపుటొడ్డున వేసిన సన్కెయెన్ తోటలో కనిపిస్తుంది. పాత గుడులు, మండపాలు ఊడదీయించి తెచ్చి అక్కడ తిరిగి నిలబెట్టించారు. 1457 నాటి మూడంతస్తుల పగోడా వాటిలో ఒకటి. 1906 నుంచే తోటను జనానికి తెరిచారు. ధనవంతుడి సరదాలన్నీ ఇంత ఉదారంగా ముగియవు.

అదే రేవులో పట్టు వ్యాపారం చేసిన సింధీలూ ఉన్నారు. 1923 సెప్టెంబరు 1 భూకంపం నగరాన్ని నేలమట్టం చేశాక వాళ్లలో చాలామంది కోబెకు తరలిపోయారు. పట్టు బేరం కూడా వాళ్ల వెంటే జారుతుందని నగరం భయపడింది. ఇళ్లూ దుకాణాలూ కట్టించి వెనక్కి పిలిపించుకుంది. యమాషిత పార్కులోని భారతీయ జలస్తంభం ఆ ఆదరణకు కృతజ్ఞతగా వాళ్లు కట్టించిందే.

మదనపల్లెకు జపాన్‌తో అసలైన చుట్టరికం పట్టుదేనని నా అభిప్రాయం. కవులు వచ్చి వెళ్లిపోయారు. పురుగు ఇంట్లోనే ఉంది. మైసూరు సీమ నుంచి కోలారు మీదుగా వచ్చిన మల్బరీ సాగు మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో నిలదొక్కుకుంది. టమాటా మార్కెట్ హోరులో దాని పేరు వినబడకపోయినా, నీరుగట్టువారిపల్లె మగ్గాలకు బతుకుతెరువు ఆ దారమే. జమ్‌షెట్‌జీ టాటా బెంగళూరులో పట్టు క్షేత్రం పెట్టినప్పుడు జపాన్ నుంచి నిపుణులను రప్పించారు. అంతకంటే లోతుగా దిగిన ప్రయత్నం 1991లో జపాన్ సాయంతో మైసూరు పట్టు పరిశోధన సంస్థలో మొదలైంది. మన వేడికి తట్టుకునే బైవోల్టిన్ (ఏడాదికి రెండు తరాల) పట్టుపురుగు జాతులు కావాలన్నది లక్ష్యం. 1990ల చివరికి సీఎస్‌ఆర్ 2, సీఎస్‌ఆర్ 4 జాతుల సంకరం రైతులకు అందింది. అప్పటిదాకా పురుగులు గూళ్లు కట్టే చంద్రికల నిండా కనిపించిన పసుపు గూళ్ల పక్కన తెల్లగూళ్లు చేరాయి. తెల్లగూటి పోగు సుమారు 1000 మీటర్ల దాకా సాగుతుంది, రీలర్లు దానికి మంచి ధర పెడతారు. అయితే ఈ బైవోల్టిన్ పురుగు సుకుమారి. చాకీ (పిల్లపురుగు) దశలో గదిలో వేడీ తేమా తప్పితే పంట పోతుంది. షెడ్డుకు పెట్టుబడి లేని చిన్నరైతు పసుపు గూళ్ల సీబీ రకాన్నే నమ్ముకోవడంలో తప్పు పట్టలేం.

ఈ ప్రాంతం నుంచి యోకొహామా వెళ్లేవాళ్లు రేవు దగ్గరి పట్టు మ్యూజియంలో ఓ పూట గడపాలి. 1859లో బ్రిటిష్ వర్తక సంస్థ జార్డిన్ మాథెసన్ కొట్టు తెరిచిన స్థలమది. రైలెక్కితే అరగంట లోపే కమాకురా. 13వ శతాబ్దపు కంచు బుద్ధుడు అక్కడ పైకప్పు లేకుండా ఆరుబయటే కూర్చుని ఉంటాడు. సన్కెయెన్‌లో ఠాగూర్ బస చేసిన శోఫుకాకు భవనం కోసం మాత్రం వెతక్కండి. భూకంపంలో కూలింది, ఇటుక గోడలే మిగిలాయి. తొమియోకా మిల్లు చూడాలంటే గున్మా దాకా లోపలికి పోవాలి. 1987లో మూతపడిన ఆ మిల్లు 2014 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం.