గెలిచినవాడికి పగ, ఓడినవాడికి దుఃఖం: సిగాలుడి నుంచి పోర్ట్ బ్లెయిర్ దాకా

2020 ఆగస్టు 10న చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు సముద్రం అడుగున వేసిన కేబుల్ ప్రారంభమైంది. దాని పొడవు దాదాపు 2,300 కిలోమీటర్లు. అప్పటిదాకా ఉపగ్రహం మీద ఆధారపడి నత్తనడక నడిచిన ఇంటర్నెట్ అండమాన్ దీవుల్లో ఒక్కసారిగా పరుగందుకుంది. ఆ మరుసటి నెలలోనే సముద్రానికి ఈ ఒడ్డున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ వంటి ఆటలను నిషేధిస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. తెలంగాణ ఆ పని 2017లోనే చేసింది.

ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు తక్కువ. శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకో, తాపీపనికో అండమాన్ వెళ్లిన మనిషికి సొంతూళ్లో మూసుకుపోయిన ఆట అక్కడి ఫోనులో తెరుచుకుంది. రాష్ట్రం చేసిన చట్టం రాష్ట్రం ఎల్లలు దాటదు. అండమాన్ నికోబార్‌కు శాసనసభే లేదు. కేంద్రపాలిత ప్రాంతం కాబట్టి అక్కడ ఏ నిషేధం రావాలన్నా ఢిల్లీ నుంచే రావాలి. అది రావడానికి 2025 ఆగస్టు దాకా పట్టింది.

2011 జనగణన నాటికి ఆ దీవుల జనాభా 3 లక్షల 80 వేలు. అందులో నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. కాబట్టి ఇది ఎవరో దూరపువాళ్ల గొడవ కాదు. విశాఖ రేవులో ఓడెక్కి వెళ్లిన మనవాళ్ల గొడవ.

పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి ప్రభుత్వం దాన్ని శ్రీ విజయపురం అంటోంది) 1858 మార్చిలో ఖైదీల వలసగా మొదలైంది. సెల్యులర్ జైలు పని 1906లో పూర్తయింది. రంప తిరుగుబాటులో పట్టుబడిన మన్యం మనుషులూ అక్కడికి చేరారు. ఆ శిక్షాక్రమంలో మెట్లు ఉండేవి. మొదట ఆరు నెలలు ఒంటరి కొట్టు, తర్వాత ఏడాదిన్నర జైల్లోనే గట్టి పని, ఆ తర్వాత మూడేళ్లు బారకాసుల్లో కాపురం, పగలు కూలి లేని చాకిరీ. అయిదేళ్లు గడిచాక చేతికి చాలా చిన్న భత్యం వచ్చేది. దాన్ని చిల్లర సుఖాలకు ఖర్చుపెట్టుకోవచ్చు, లేదా ఖైదీల కోసమే పెట్టిన సేవింగ్స్ బ్యాంకులో దాచుకోవచ్చు. పదేళ్లు నిండితే టికెట్ దొరికి, సొంతంగా సేద్యమో వృత్తో చేసుకుని బతికే ‘సెల్ఫ్ సపోర్టర్’ అయ్యేవాడు. వలస ప్రభుత్వాన్ని మెచ్చుకోవడానికి ఇది చెప్పడం లేదు. బేడీలు వేసిన ఆ చేతే అందులో పైసలు దాచుకోమని చెప్పింది, అంతే. అయినా అయిదేళ్ల చాకిరీ తర్వాత మొదటిసారి చేతిలో పడిన ఆ కాసులను తలుచుకుంటే ఒక ప్రశ్న పుడుతుంది. ఆ డబ్బు ఎటు పోతుంది? కూలివాడి జీవితంలో ఈ ప్రశ్నకు వయసు లేదు.

తథాగతుడు రాజగృహంలోని వేణువనంలో సిగాలుడనే గృహస్థుడికి చెప్పింది ఈ ప్రశ్నకు జవాబే. తడిబట్టలతో, తడిజుట్టుతో ఆరు దిక్కులకు మొక్కుతున్న ఆ యువకుడికి సంపద కారిపోయే ఆరు కంతలను చూపించాడు. మత్తు, వేళకాని వేళ వీధుల వెంట తిరుగుడు, తమాషాల వెంట పోవడం, జూదం, చెడు స్నేహం, సోమరితనం. జూదానికి మళ్లీ ఆరు నష్టాలు చెప్పాడు. గెలిస్తే పగ పుడుతుంది. ఓడితే పోయిన సొమ్ముకు ఏడుపు. కళ్లముందే ధననష్టం. సభలో అతని మాట చెల్లదు. మిత్రులూ తోటివాళ్లూ చులకన చేస్తారు. జూదరి భార్యను పోషించలేడని అతనికి పిల్లనివ్వరు.

వరస గమనించండి. మొదటి దెబ్బ గెలిచినవాడికి. జూదం చెడ్డదని మనం పిల్లలకు చెప్పేటప్పుడు ఓడినవాణ్ణే చూపిస్తాం, అప్పుల పాలైనవాడిని, ఊరు వదిలినవాడిని. బుద్ధుడు గెలుపు దగ్గరే మొదలుపెట్టాడు. నేను గెలిచిన వెయ్యి రూపాయలు ఎవరి కూలి? ఒకే షెడ్డులో పడుకుని ఒకే కుండలో వండుకునే నలుగురు మూడు ముక్కలాట ఆడితే, గెలిచిన రాత్రి నుంచి ఆ షెడ్డులో ముగ్గురు మౌనంగా ఉంటారు. ఫోనులో ఆ ముగ్గురి ముఖాలూ కనబడవు. అక్కడ జరిగిన మార్పు ఇదే.

పాపం, నరకం అన్న మాట ఈ ఆరింటిలో ఎక్కడా లేదు. పంచశీలాల్లో జూదం పేరు లేదు. 1956లో నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లోనూ లేదు. మద్యానికి ఉంది, దొంగతనానికి ఉంది, జూదానికి ప్రత్యేకంగా లేదు. అందువల్ల మనవాళ్లలో కొందరికి, ‘సంక్రాంతికి నాలుగు ముక్కలు వేస్తే తప్పేమిటి’ అనే సడలింపు దొరికింది. కానీ బాబాసాహెబ్ ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ గ్రంథంలో గృహస్థుల వినయం దగ్గర సిగాలుడి బోధకు చోటిచ్చారు. జూదాన్ని చూడవలసిన చోటు ఇంటి లెక్కల పుస్తకమేనని నా అభిప్రాయం.

ఎదుటి సంప్రదాయం ఎలా చూసిందో కూడా చెప్పాలి. భారతంలో తమ్ముళ్లను, తనను, చివరికి భార్యను ఒడ్డిన రాజు ధర్మరాజుగానే మిగిలాడు. తప్పు పాచికలది, శకునిది, విధిది. బాలపండిత సుత్తంలోనూ మొదటి పందెంలోనే కొడుకును, భార్యను, ఆస్తిని పోగొట్టుకుని తానే బందీ అయిన జూదరి వస్తాడు. అక్కడ అతనికి బిరుదు ఇవ్వలేదు. దుశ్చరితతో మనిషి పోగొట్టుకునేది అంతకన్నా పెద్దదని చెప్పడానికి అతన్ని కొలబద్దగా వాడారు. ఇక రాజ్యం సంగతి. మనువు జూదాన్ని దొంగతనంతో సమానం చేసి, రాజు దాన్ని అణచాలన్నాడు. కౌటిల్యుడు అధికారిని పెట్టి, పాచికలు అద్దెకిచ్చి, గెలుపులో నూటికి అయిదు వంతులు ఖజానాకు రాబట్టమన్నాడు. 2023 అక్టోబరు నుంచి ఆన్‌లైన్ డబ్బు ఆటల మీద 28 శాతం జీఎస్టీ వేసి, 2025 ఆగస్టులో వాటినే నిషేధించిన ప్రభుత్వం రెండేళ్ల లోపే ఆ ఇద్దరినీ అనుసరించింది.

1949 సెప్టెంబరులో రాజ్యాంగ సభలో రాష్ట్రాల జాబితాలో పందేలు, జూదం అన్న పద్దు ఎందుకని కొందరు సభ్యులు అడ్డుపడ్డారు. రాజ్యాంగంలో ఆ మాట ఉంటే జూదాన్ని ఒప్పుకున్నట్టేనని వారి బాధ. అంబేడ్కర్ జవాబు నేటికీ చదవదగ్గది. పద్దు తీసేసినంత మాత్రాన జూదం పోదు, రాష్ట్రానికి దాన్ని అదుపు చేసే అధికారమే పోతుంది, ఆ పద్దుతోనే నిషేధం కూడా చేయవచ్చు అన్నది ఆయన వాదనలో సారాంశం. ఆంధ్రప్రదేశ్ 2020లో వాడింది ఆ అధికారాన్నే.

జూదరి వాదం మాత్రం వేరు. ‘ఇది అదృష్టం కాదు, నా తెలివి’. దీనికి మూలం మన గడ్డ మీదే ఉంది. 1960లలో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రమ్మీలో నైపుణ్యానిదే పైచేయి అని తీర్పు వచ్చింది. అయితే ఆట పెట్టినవాడు ఆటలోంచి లాభం లాగుతుంటే అది నేరం కావచ్చని అదే తీర్పులో ఉంది. యాప్‌ల వాళ్లు ప్రచారంలో మొదటి మాటనే మోశారు. ఎంత నైపుణ్యం ఉన్నా ప్రతి ఆటలోనూ కమీషను తీసుకునేవాడు ఓడడు. ఆ సంగతి తాపీమేస్త్రీకి ఎవరూ చెప్పలేదు.

2025 చట్టం దేశమంతటికీ వర్తిస్తుంది, దీవులతో సహా. ఆడించినవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఆంధ్ర ఆర్డినెన్సు ఆడినవాడినీ శిక్షిస్తానంది. ఇది ఆడినవాణ్ణి బాధితుడిగానే చూసింది. ఇది మంచి మార్పే. అయినా షెడ్డులో దుప్పటి మీద పరిచే పేకలకు యాప్ అక్కర్లేదు.

ఉత్తరాంధ్ర పల్లెల్లో సంబంధం చూసేటప్పుడు పెద్దలు అబ్బాయి గురించి గుట్టుగా అడిగే ప్రశ్నల్లో ‘పేకాట అలవాటుందా?’ అన్నది ఒకటి. సిగాలుడికి చెప్పిన ఆరో నష్టం అదే. పిల్లవాడు ఊళ్లో రచ్చబండ దగ్గర ఆడితే పక్కింటివాడు చెప్పేవాడు. ఇప్పుడు అబ్బాయి పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నాడు, ఆట జేబులో ఉంది. ఆ ప్రశ్న ఎవరిని అడగాలో పిల్ల తండ్రికి తెలియడం లేదు.