గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసు (1958)

గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసు కృష్ణా జిల్లాలో ప్రైవేటు బస్సు మార్గాల జాతీయీకరణకు సంబంధించిన ప్రసిద్ధ వ్యాజ్యం. ఆ జిల్లా బస్సు యజమానులకు, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థకు మధ్య నడిచిన ఈ కేసులో సుప్రీంకోర్టు 1958 నవంబరు 5న తీర్పు చెప్పింది. విచారణ జరిపినవారే నిర్ణయం చేయాలనే సూత్రానికి న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికీ దీనిని ఉదాహరణగా చదువుతారు.

నేపథ్యం

నైజాం రాజ్యంలో 1932 నుండి ప్రభుత్వమే బస్సులు నడిపేది. మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న కృష్ణా, గుంటూరు తదితర కోస్తా జిల్లాలలో మాత్రం బస్సులు ప్రధానంగా స్థానిక యజమానుల చేతిలో ఉండేవి. బస్సు నడుపుటకు ఆ మార్గానికి పర్మిట్ తప్పనిసరి. కావున పర్మిటే యజమాని వ్యాపారానికి ఆధారం.

1956లో కేంద్రం 1939 నాటి మోటారు వాహనాల చట్టానికి 4-ఎ అధ్యాయాన్ని చేర్చింది. దీని ప్రకారం ప్రభుత్వ రవాణా సంస్థ ఒక పథకాన్ని ప్రకటించి, ప్రైవేటు బస్సులను పూర్తిగా గాని, పాక్షికంగా గాని తొలగించవచ్చును. అయితే అభ్యంతరం తెలిపినవారిని విచారించిన పిమ్మటే ప్రభుత్వం పథకాన్ని ఆమోదించాలి. గడువుకు ముందే పర్మిట్ రద్దయితే, మిగిలిన గడువులో ప్రతి పూర్తి నెలకు 200 రూపాయల చొప్పున నష్టపరిహారం లభిస్తుంది.

వివాదం

1957 నవంబరులో కృష్ణా జిల్లా మార్గాలపై పథకం వెలువడింది. యజమానుల అభ్యంతరాలను హోం శాఖ కార్యదర్శి విన్నారు. రవాణా శాఖ కూడా ఆయన అధీనంలోనే ఉండేది. 1958 జనవరిలో పథకాన్ని ఆమోదించినది మాత్రం ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. అదే నెల 11న రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. యజమానులు నేరుగా సుప్రీంకోర్టును ఆశ్రయించారు.

తీర్పు

జస్టిస్ కోకా సుబ్బారావు మెజారిటీ తీర్పు వ్రాశారు. వీరు అంతకుముందు ఆంధ్ర హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. చట్టం చెల్లదన్న వాదనను కోర్టు త్రోసిపుచ్చింది. కాని ఈ ఆమోదం న్యాయ విచారణ స్వభావం గలదని పేర్కొన్నది. ఒకరు విని వేరొకరు నిర్ణయిస్తే, విన్నవారికి కలిగిన సందేహాలు, వాదనలోని బలాబలాలు నిర్ణయించేవారికి అందవు. పైగా వివాదంలో ఒక పక్షమైన శాఖకు అధిపతియే విచారణ జరిపారు. ఈ కారణాలపై ఆమోదాన్ని కోర్టు కొట్టివేసింది. ఇద్దరు న్యాయమూర్తులు దీనితో విభేదించారు.

తదనంతర పరిణామాలు

ఆ పిమ్మట ముఖ్యమంత్రి స్వయంగా విచారణ జరిపి పథకాన్ని తిరిగి ఆమోదించారు. ఆయనకు పక్షపాతం ఉన్నదన్న యజమానుల వాదనను 1959లో సుప్రీంకోర్టు అంగీకరించలేదు. ఆ విధంగా యజమానులు న్యాయమైన విచారణ హక్కును సాధించుకున్నారు గాని, జాతీయీకరణను ఆపలేకపోయారు.

కర్నూలు జిల్లా మార్గాల కేసులో ఫలితం వేరు. ముఖ్యమంత్రిపై వచ్చిన దురుద్దేశ ఆరోపణలకు ఆయన ప్రమాణపత్రం ద్వారా సమాధానం ఇవ్వలేదని 1964లో సుప్రీంకోర్టు గుర్తించి, పథకాలను కొట్టివేసింది. సంజీవరెడ్డి పదవికి రాజీనామా చేయగా, గుంటూరు జిల్లాకు చెందిన కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు.

అభ్యంతరాలను విచారించాలనే నియమం 1988 మోటారు వాహనాల చట్టంలోనూ కొనసాగుతున్నది.