ఐర్లండ్: యుద్ధానంతర ఆర్థికాభివృద్ధి, ఐరోపాతో అనుసంధానం

రెండో ప్రపంచ యుద్ధంలో తటస్థంగా ఉన్న ఐర్లండ్‌లో విధ్వంసం తక్కువే, పేదరికం మాత్రం తీవ్రం. ఎత్తయిన సుంకాల చాటున పెరిగిన పరిశ్రమలు చిన్న దేశీయ మార్కెట్‌ను దాటలేకపోయాయి. 1950లలో సుమారు 4 లక్షల మంది వలసపోయారు, ఎక్కువగా బ్రిటన్‌కు. 1961 నాటికి జనాభా 28 లక్షలకు పడిపోయింది.

1958లో ఆర్థిక శాఖ కార్యదర్శి టి.కె. విటేకర్ తన నివేదికలో సుంకాలను సడలించి, ఎగుమతులకూ విదేశీ పెట్టుబడులకూ దారి ఇవ్వాలని వాదించాడు. ఒక అధికారి ప్రభుత్వ విధానాన్ని అంత సూటిగా ప్రశ్నించడం ఏ దేశంలోనైనా అరుదు. 1959లో ప్రధాని అయిన షాన్ లెమాస్ ఈ మార్పును ముందుకు నడిపాడు. 1930లలో పరిశ్రమల మంత్రిగా ఆ సుంకాల వ్యవస్థను పెంచి పోషించింది ఆయనే కాబట్టి, ఈ నిర్ణయానికి చాలా ధైర్యం కావాలి. 1959లోనే షానన్ విమానాశ్రయం పక్కన పన్ను రాయితీలతో స్వేచ్ఛా మండలం వెలిసింది. 1967లో ఉచిత మాధ్యమిక విద్య మొదలైంది. తర్వాతి దశాబ్దాల పరిశ్రమలకు కావలసిన చదువుకున్న యువత దానివల్లే పెరిగింది.

ఐరోపా ఆర్థిక సమాజంలో చేరడానికి ఐర్లండ్ 1961లోనే దరఖాస్తు చేసింది. 1963లో ఫ్రాన్స్ అధ్యక్షుడు డి గాల్ బ్రిటన్ చేరికను అడ్డుకోవడంతో, బ్రిటిష్ మార్కెట్‌పై ఆధారపడిన ఐర్లండ్ కూడా ఆగిపోయింది. 1972 ప్రజాభిప్రాయ సేకరణలో 83 శాతం మంది చేరికను సమర్థించారు. 1973 జనవరి 1న సభ్యత్వం దక్కింది. మొదట లాభపడింది రైతులు. 1979లో ఐరోపా ద్రవ్య వ్యవస్థలో చేరాక, ఐరిష్ పౌండుకు బ్రిటిష్ పౌండుతో ఉన్న సమాన మారకం తెగిపోయింది.