80 ఎకరాలు అడిగింది ఎవరు?

భూదానం అనగానే మనకి రెండు పేర్లు గుర్తొస్తాయి. వినోబా భావే, వెదిరె రామచంద్రారెడ్డి. 1951 ఏప్రిల్ 18న నల్గొండ జిల్లా పోచంపల్లిలో (ఇప్పుడది యాదాద్రి భువనగిరి జిల్లా) ఆయన అడిగారు, ఈయన 100 ఎకరాలిచ్చారు. కథ కంచికి. నాకు మాత్రం ఇందులో అసలు మనుషులు తప్పిపోయారనిపిస్తుంది.

ఆ రోజు వినోబా దళితవాడకెళ్ళి ఏం కావాలని అడిగితే, అక్కడున్న 40 కుటుంబాలు "ఏదో సాయం చెయ్యండి" అనలేదు. లెక్కగా 80 ఎకరాలు కావాలన్నారు, సగం తరి, సగం మెట్ట. మన భాషలో చెప్పాలంటే రిక్వైర్‌మెంట్ ఇచ్చింది యూజర్లే!

ఆ అడిగే ధైర్యం ఊరికే వచ్చిందా? 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకి బలయ్యాడు. ఆ తర్వాత రాజుకున్న సాయుధ పోరాటాన్ని 1951 అక్టోబరులో గానీ విరమించలేదు. మధ్యలో 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టమొచ్చింది. దాత మంచితనాన్ని నేను తక్కువ చెయ్యట్లేదు. కానీ ఆ మంచితనానికి వేళ వచ్చేలా చేసింది అడిగినవాళ్ళే.

పక్కనున్న పాలమూరు చూడండి. ఆ జిల్లావాడైన వెంకటరామారెడ్డి (తర్వాత హైదరాబాదు కొత్వాలయ్యారు) చొరవతో 1918లో రెడ్డి హాస్టల్ వచ్చింది. ఎంతోమందికి చదువు దొరికింది, మంచిదే. అయితే మనవాళ్ళ కోసం ఇవ్వడం సులువు. మన పొలంలో కూలి చేసేవాడికి ఆ పొలమే ఇవ్వడం వేరే సంగతి.

ఇక డెలివరీ సంగతి. వినోబా 51 రోజుల్లో తెలంగాణలో సుమారు 12 వేల ఎకరాలు సేకరించారు. 1957 కల్లా దేశమంతా 5 కోట్ల ఎకరాలు రావాలన్నది లక్ష్యం. మాటిచ్చింది దాదాపు 42 లక్షలు. అందులో సాగుకి పనికిరాని రాళ్ళూ రప్పలూ బోలెడు, పంచకుండా మిగిలిపోయింది ఇంకా బోలెడు. మన దగ్గర 1965లో భూదాన చట్టం చేశారు. దాని ప్రకారం భూమి పొందినవాళ్ళు పిల్లలకివ్వొచ్చు గానీ అమ్ముకోకూడదు. అయినా హైదరాబాదు చుట్టుపక్కల భూదాన భూములు వెంచర్లలో కలిసిపోయాయని ఎన్ని కేసులో!

అందుకే మనలాంటివాళ్ళకి రెండు మాటలు. విరాళమిచ్చేముందు పుచ్చుకునేవాళ్ళనే అడగండి ఏం కావాలో. ఇచ్చాక అది వాళ్ళ చేతికి చేరిందో లేదో చూడండి.

అన్నట్టు, శివార్లలో ప్లాటు కొనేముందు పాత రికార్డులు కూడా తిరగెయ్యండి. ఆ 200 గజాలు ఎప్పుడో ఒక కూలివాడికి దానమిచ్చిన నేల కావొచ్చు.