పేరు చెప్పని పరికరాలు

1983 డిసెంబరులో అమెరికా సైన్యపు పరిశోధనాలయంలో మైక్ మూస్ రాసిన ‘పింగ్’, అవతలి యంత్రం స్పందిస్తున్నదో లేదో తేల్చగలిగినా, దాని పేరును గానీ తయారీ వివరాలను గానీ రాబట్టలేకపోయేది. ఆ కొరతను తీర్చేలా 1988లో ఎస్‌ఎన్‌ఎంపీ, అంటే నెట్‌వర్క్‌లోని పరికరాలను దూరం నుంచి ప్రశ్నించి జవాబు పొందే నియమావళి, వెలువడింది. అయితే ‘కమ్యూనిటీ స్ట్రింగ్’ అనే సంకేతపదం సరిపోలనప్పుడు పరికరం సాధారణంగా ఏ జవాబూ ఇవ్వకుండా ఉండిపోయేది కనుక, స్వయంచాలక స్కాన్ ముగిశాక జాబితాలో చిరునామా ఒక్కటే మిగిలి తక్కిన గడులు ఖాళీగా కనిపించేవి. లోపం పరికరానిదా, దారిలో అడ్డుకున్న ఫైర్‌వాల్‌దా, సంకేతపదానిదా అన్నది నిర్వాహకుడు ఒక్కొక్కటిగా పరీక్షించి తేల్చుకోవలసి వచ్చేది. 2002లో పూర్తి ప్రమాణస్థాయి పొందిన ఎస్‌ఎన్‌ఎంపీ మూడవ రూపాంతరం గుప్తీకరణకే ఎక్కువ పేరు పొందింది గానీ, వాడుకరి పేరు తెలియనిదైతే ఆ కారణాన్ని తిరిగి తెలిపే ఏర్పాటు కూడా అందులో ఉండడం నిర్వాహకులకు దక్కిన నిజమైన మేలు.