జార్ కాలం రైతు బొమ్మ: ఎవరీ మినా మొయిసేయెవ్?

ఇవాళ ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క ముసలాయన గురించి. స్క్రీన్ మీద బొమ్మని కొంచెం జూమ్ చేసి చూడండి. నీలం చొక్కా, నెరిసిన గడ్డం, కట్టుకున్న చేతులు, ఎండకి చిట్లించిన కళ్లు. ఫోటో అనుకునేరు, ఆయిల్ పెయింటింగ్ ఇది. 1882లో రష్యాలో ఇవాన్ క్రామ్‌స్కోయ్ అనే ఆర్టిస్ట్ వేశాడు.

ఈ క్రామ్‌స్కోయ్ కుర్రతనంలో ఏం పని చేశాడో తెలుసా? ఒక ఫోటోగ్రాఫర్ దగ్గర రీటచింగ్! ఇప్పటి మాటల్లో ఫిల్టర్లు వేసే పని అన్నమాట. మొహాలకి మెరుగులు దిద్దడం బాగా తెలిసిన ఆ మనిషే, ఇక్కడ ఒక్క ముడత కూడా తుడిచెయ్యలేదు. నాకు ఈ బొమ్మలో బాగా నచ్చింది అదే.

1863లో పీటర్స్‌బర్గ్ ఆర్ట్ అకాడమీ గోల్డ్ మెడల్ పోటీకి దేవుళ్ల విందు గీయమని టాపిక్ ఇచ్చింది. మా టాపిక్ మేమే ఎంచుకుంటాం అని 14 మంది స్టూడెంట్లు బయటికొచ్చేశారు. వాళ్లకి లీడర్ ఈయనే.

బొమ్మలో ఉన్నాయన రైతు, పేరు మినా మొయిసేయెవ్. (మన దగ్గర మీనా అంటే అమ్మాయి, అక్కడ మినా అంటే మగాయన!) చూస్తే అరవై దాటినట్టున్నాడు. అంటే ఆయన జీవితంలో సగానికి పైగా సెర్ఫ్‌డమ్ ఉన్న రోజుల్లోనే గడిచింది. భూమి అమ్మితే దాన్ని దున్నే మనుషులు కూడా దాంతోపాటే చేతులు మారే పద్ధతి అది. 1861లో రద్దు చేశారు. చేసి ఊరుకున్నారా? వచ్చిన భూమికి 49 ఏళ్లు వాయిదాలు కట్టమన్నారు. మనం ఇరవై ఏళ్ల హోమ్ లోన్‌కే నిద్రపోం!

అలాంటి చోట ఒక రైతుని ఊరికే 'ముసలి రైతు' అనెయ్యకుండా, ఆయన పేరుతోనే బొమ్మ మిగిలింది. క్రామ్‌స్కోయ్ బాగా ఫేమస్ పెయింటింగ్ వేరే ఉంది, 1883 నాటిది. బగ్గీలో కూర్చున్న ఖరీదైన బట్టల ఆవిడ. దాని పేరు 'అపరిచిత'. ఆవిడ ఎవరో ఇప్పటికీ తేలలేదు.

అదే 1883లో మినాని ఇంకోసారి వేశాడు. ఈసారి భుజాల మీద ముతక కోటు, చేతికి కళ్లెం. గుర్రం మాత్రం బొమ్మలో ఎక్కడా లేదు. నీలం చొక్కా బొమ్మ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని రష్యన్ మ్యూజియంలో ఉంది. కళ్లెం బొమ్మ కీవ్ మ్యూజియంది. ఒకే ముసలాయన, ఇప్పుడు యుద్ధంలో ఉన్న రెండు దేశాల్లోనూ ఉన్నాడు.