గ్యాస్ బావి ఇసుక కొడితే? కేజీ-డీ6లో అసలేం జరిగింది?

నాగావళి, వంశధార ఒడ్డున బోరు వేయించిన రైతుకి ఈ సంగతి బాగా తెలుసు. బోరు ఇసుక కొడితే మోటారు అరిగిపోతుంది. అందుకే ఫిల్టర్ పైపు దించి, చుట్టూ గులకరాళ్లు పోస్తారు. సముద్రం అడుగున ఉండే గ్యాస్ బావులకూ ఇదే బాధ. కాకపోతే అక్కడికి మెకానిక్ దిగలేడు!

అసలేం జరిగింది?
కాకినాడ తీరానికి ఎదురుగా కేజీ-డీ6 బ్లాకులో 2009 ఏప్రిల్‌లో గ్యాస్ ఉత్పత్తి మొదలైంది. 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటింది. ఆ తర్వాత పడిపోయింది. గ్యాస్ తోడేకొద్దీ పొరల్లో ఒత్తిడి తగ్గింది. బావుల్లోకి నీళ్లు, ఇసుక చొరబడ్డాయి. డీ1, డీ3 క్షేత్రాల్లో బావులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. 2020 ఫిబ్రవరిలో అక్కడ ఉత్పత్తి పూర్తిగా ఆగిపోయింది. ఈ గ్యాస్‌ని నమ్ముకుని కట్టిన ఏపీలోని విద్యుత్ ప్లాంట్లు ఖాళీగా ఉండిపోయాయి.

ఇసుకతో ముప్పేంటి?
గ్యాస్‌తో పాటు దూసుకొచ్చే ఇసుక రేణువులు వాల్వులను, పైపు వంపులను గరుకు కాగితంలా అరగదీస్తాయి. చిల్లు పడితే లీకేజీయే. నీళ్లు చేరితే ఆ బరువుకి గ్యాస్ పైకి రాలేదు.

పరిష్కారం ఉందా?
మొదటి కట్టడి బావిలోనే. అచ్చం బోరులో లాగే జల్లెడ గొట్టం, చుట్టూ గ్రావెల్. రెండోది, పైపులకు బిగించే సెన్సర్లు. ఇసుక తగిలిన చప్పుడుని ఇవి పట్టేస్తాయి. వెంటనే వాల్వు బిగించి ప్రవాహం తగ్గిస్తారు.

మూడోది సబ్‌సీ సెపరేషన్. అంటే సముద్రం అడుగునే ట్యాంకు పెట్టి నీళ్లు, ఇసుక వేరుచేయడం. సైక్లోన్ పరికరంలో ప్రవాహం గిర్రున తిరుగుతుంది. బరువైన ఇసుక అంచుకు చేరి కిందకు జారుతుంది. నీళ్లను మళ్లీ భూమి పొరల్లోకే పంపిస్తారు.

నార్వేలోని టోర్డిస్ చమురు క్షేత్రంలో 2007లో ఇలాంటి ప్లాంటు పెట్టారు. కానీ పొరల్లోకి పంపిన నీళ్లు 2008లో సముద్రంలోకి లీకయ్యాయి. దాంతో ఆ పంపింగ్ ఆపేశారు. బ్రెజిల్ మార్లిమ్‌లో 2011లో సుమారు 870 మీటర్ల లోతున మరొకటి దించారు.

మరి మన దగ్గర?
కేజీ-డీ6లోనే ఆర్ క్లస్టర్ నుంచి 2020 డిసెంబర్‌లో గ్యాస్ మొదలైంది. లోతు 2 వేల మీటర్లకు పైనే. అక్కడి గ్యాస్ పైపుల్లో ఒడ్డున గాడిమొగ టెర్మినల్‌కి వస్తుంది.

విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకి దీంతో పనేంటంటారా? కాకినాడ నుంచి విశాఖ మీదుగా శ్రీకాకుళం వరకు గ్యాస్ పైప్‌లైన్ ప్రాజెక్టు ఉంది. పైపు వేస్తే సరిపోదు. అందులోకి గ్యాస్ రావాలంటే ముందు బావి నిలబడాలి.